మా ఇల్లా, మన ఇల్లా?

నెల రోజులుగా మన ఇంట్లో నడుస్తున్న చర్చ మీకందరికీ తెలిసిందే. బెంగళూరులో ఇంజనీరింగ్ చదువుతున్న మా అన్న బిడ్డకు ఫ్రాన్స్‌లో ఒక సెమిస్టర్ చదివే అవకాశం వచ్చింది. సీటు ఖాయమైంది, ఖర్చుల లెక్కా తేలింది. ఇక ఎక్కడ ఉండాలన్న దగ్గరే బండి ఆగింది.

రెండు దారులున్నాయి. మొదటిది కాలేజీ దగ్గర విద్యార్థుల వసతి గృహం. అక్కడ మన దేశం పిల్లలు పక్కపక్క గదులు తీసుకుంటారు, ఇక్కడి నుంచి కుక్కర్ మోసుకుపోతారు, వంతులేసుకుని పప్పన్నం వండుకుంటారు. రెండోది హోమ్‌స్టే. ఆ ఊరి కుటుంబం ఒకటి తమ ఇంట్లో ఒక గది ఇచ్చి, పొద్దున నాష్టా, రాత్రి భోజనం పెడుతుంది. దానికి నెలకింత అని డబ్బు కట్టాలి.

"ఎవలో తెల్వనోళ్ల ఇంట్ల ఆడపిల్ల ఎట్లుంటది? ఏం దింటది?" అని అవ్వ అడిగింది. అన్నకు భద్రత గురించి భయం. వదిన మాట కూడా తీసిపారేసేది కాదు: "మనోళ్లు నలుగురుంటే జ్వరమొస్తే చూసుకుంటరు." ఫోన్ గ్రూపులో ఒకరి మాట పూర్తి కాకముందే ఇంకొకరు అందుకుంటున్నారు కాబట్టి, నా అభిప్రాయం ఇక్కడ తీరికగా రాస్తున్నా. సోలాపూర్లో, పుణెలో, బెంగళూరులో, ఇంకా దూరాన ఉన్న మన వాళ్ల ఇళ్లల్లో కూడా ఇయ్యాల కాకపోతే రేపు ఇదే ప్రశ్న వస్తుంది.

నా ఓటు హోమ్‌స్టేకే. ఇంజనీరింగ్ పాఠం బెంగళూరులో చెప్పినా అదే, ఫ్రాన్స్‌లో చెప్పినా దాదాపు అదే. పరీక్ష, ల్యాబు, మార్కులు ఎక్కడైనా ఉంటాయి. అక్కడికి పోతే తప్ప దొరకనిది అక్కడి ఇల్లు ఒక్కటే. అది వదిలేసి మనోళ్ల మధ్యనే ఆరు నెలలు ఉండి వస్తే, మనం విమానం టికెట్ కొన్నది బెంగళూరు హాస్టల్ నుంచి ఇంకో హాస్టల్‌కు గది మారడానికే అయితది.

అయితే ఈ మాట చెప్పి ఊరుకుంటే సరిపోదు. మన బిడ్డ కోసం పరాయి ఇంటి తలుపు తట్టే ముందు, మన ఇంటి తలుపు సంగతి కూడా మాట్లాడుకోవాలి. అది చివర్లో చెప్తా. ముందు ఈ హోమ్‌స్టే అనేది ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం.

అమెరికాలో డెలవేర్ విశ్వవిద్యాలయం 1923లో ఎనిమిది మంది విద్యార్థులను ఓడెక్కించి ఫ్రాన్స్‌కు పంపింది. మొదటి ప్రపంచ యుద్ధంలో పనిచేసి వచ్చిన రేమండ్ కర్క్‌బ్రైడ్ అనే ఫ్రెంచ్ అధ్యాపకుడి ఆలోచన అది. కాలేజీ చదువులో ఒక ఏడాది పరదేశంలో చదివి వచ్చే పద్ధతి అమెరికాలో దానితోనే మొదలైందని చెప్తారు. పిల్లలు ముందు నాన్సీ అనే ఊళ్లో భాష నేర్చుకుని, తర్వాత పారిస్‌లో చదివారు. ఉన్నది ఫ్రెంచి కుటుంబాల ఇళ్లల్లో. తొమ్మిదేళ్ల తర్వాత, 1932లో, డొనాల్డ్ వాట్ అనే ఆయన 'ఎక్స్‌పెరిమెంట్ ఇన్ ఇంటర్నేషనల్ లివింగ్' అనే సంస్థ పెట్టాడు. వేరే దేశం కుటుంబంలో ఒక మనిషిగా కొన్ని రోజులు బతకడమే ఆ సంస్థకు పునాది. హోమ్‌స్టే అన్న మాట ప్రపంచంలో ఇంతగా నలగడానికి అదొక పెద్ద కారణం.

పేరు కొత్తదే కానీ పని మనకు కొత్త కాదు. మన పెద్దలు దాన్ని 'వారాలు' అన్నారు. కన్నడంలో 'వారాన్న' అంటారు. చదువు కోసం ఊరు విడిచి వచ్చిన పిల్లవాడు సోమవారం ఒక ఇంట్లో, మంగళవారం ఇంకో ఇంట్లో, అట్లా వారానికి ఏడు ఇళ్లు కుదుర్చుకుని తినేవాడు. పడుకునేది ఏ గుళ్లోనో, ఏ అరుగు మీదనో. వారాలబ్బాయి అన్న మాట మన పాత కథల్లో ఎంత మామూలుగా వస్తుందో పెద్దవాళ్లను అడగండి. వారాలు దొరకనివాళ్లకు పూటకూళ్లిల్లు ఉండేది. ఆంధ్ర రాష్ట్రానికి 1953లో మొదటి ముఖ్యమంత్రి అయిన టంగుటూరి ప్రకాశం పంతులు చిన్నతనంలో తండ్రి పోతే, తల్లి సుబ్బమ్మ ఒంగోలులో పూటకూళ్లిల్లు నడిపి పిల్లలను చదివించింది. అన్నం పెట్టి డబ్బు తీసుకోవడం అప్పుడు కొందరికి చిన్నతనంగా తోచి ఉండొచ్చు. కానీ ఆ డబ్బే ఒక ఇంటిని నిలబెట్టింది. అందుకే, హోమ్‌స్టే ఇచ్చేవాళ్లు డబ్బు తీసుకుంటారు కాబట్టి వాళ్లది నిజమైన ఆదరం కాదు అనే వాదన నేను ఒప్పుకోను.

వారాల గురించి మాట్లాడేటప్పుడు మనం మురిసిపోయి ఒక సంగతి దాటేస్తుంటాం. ఆ ఏడు ఇళ్ల తలుపులు అందరికీ తెరుచుకోలేదు. కులం సరిపోయిన మగపిల్లవాడికే తెరుచుకున్నాయి. ఆడపిల్ల వారాలు చేసుకుని చదివిందని మనమెవ్వరం వినలేదు. దళితుల పిల్లవాడిని వంటింటి దగ్గరికి రానిచ్చే ప్రశ్నే లేదు. అంటే అది గొప్ప ఏర్పాటే, కాకపోతే లోపలివాళ్లకు మాత్రమే. ఈ మాట గుర్తుంచుకోండి, దీనితో ముందు పని ఉంది.

మనది బీదర్ కాబట్టి హాస్టల్ కథ కూడా మన ఊరి నుంచే చెప్పుకోవచ్చు. చౌబారా దగ్గర రోజూ చూసే మహమూద్ గవాన్ మదరసా 1472 నాటిది. కట్టించినాయనే పరదేశీ, ఇరాన్‌లోని గిలాన్ నుంచి వచ్చి బహమనీ సుల్తానులకు మంత్రి అయినవాడు. మూడంతస్తుల ఆ కట్టడంలో పాఠాలు చెప్పే గదులు, మసీదు, గ్రంథాలయం, వాటితో పాటు విద్యార్థులూ గురువులూ ఉండే గదులు ఉండేవి. దూర దేశాల పండితులు ఇక్కడికి వచ్చారు. అంటే 550 ఏళ్ల కిందటే మన ఊరు పరదేశీ విద్యార్థికి గది ఇచ్చింది.

కానీ అదే ఊళ్లో, అదే కాలంలో, బయటి నుంచి వచ్చిన ఆఫాకీలకూ ఇక్కడి దక్కనీలకూ మధ్య పగ రగులుతూనే ఉంది. చివరికి గవాన్ రాసినట్టు ఒక దొంగ ఉత్తరం పుట్టించి సుల్తానుకు చూపించారు. 1481లో ఆయన తల తీయించారు. అంత గొప్ప చదువుల భవనం ఉన్నా, వచ్చినవాళ్లూ ఉన్నవాళ్లూ ఒకటి కాలేకపోయారు. గది ఇవ్వడం వేరు, ఇంట్లో కలుపుకోవడం వేరు అని నేను ఆ మదరసా ముందు నుంచి పోయినప్పుడల్లా అనుకుంటా.

తర్వాతి కాలంలో మన బీదర్ నిజాం రాజ్యంలో ఉండగా, పై చదువంటే హైదరాబాదే. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో మొదలైంది. అదే 1918లో, పల్లెల నుంచి వచ్చే పిల్లల కోసం హైదరాబాదులో రెడ్డి హాస్టల్ మొదలైంది. వేరే కులాల వాళ్లు కూడా తమ తమ పిల్లల కోసం హాస్టళ్లు పెట్టుకున్నారు. వాటి వల్ల వేలమంది చదువుకున్నారు, దాన్ని తక్కువ చేయను. అయితే హాస్టల్ స్వభావం అక్కడే స్పష్టంగా కనిపిస్తుంది. మనోళ్లు మనోళ్లతో ఉంటారు. చదువు దొరుకుతుంది, తోడు దొరుకుతుంది. ఇంకొకళ్ల ఇంట్లో ఏం నడుస్తుందో మాత్రం తెలియదు.

ఇప్పుడు ఫ్రాన్స్‌ను కాసేపు పక్కన పెట్టి ఇప్పటి హైదరాబాదుకు రండి. మన ఇంటి నుంచి కారులో మూడు గంటల దారి. అక్కడ ఇదే కథ తిరగేసి నడుస్తుంది. చదువుకోవడానికి వచ్చే పిల్లలు విదేశాలవాళ్లు, ఇల్లు మనది.

గచ్చిబౌలిలోని హైదరాబాద్ విశ్వవిద్యాలయం 1998లో 'స్టడీ ఇన్ ఇండియా ప్రోగ్రామ్' మొదలుపెట్టింది. విదేశాల కాలేజీ పిల్లలు ఒక సెమిస్టరో రెండు సెమిస్టర్లో ఉండి చదివిపోయే ఏర్పాటు అది. కొందరు క్యాంపస్‌లోని టాగూర్ ఇంటర్నేషనల్ హౌస్‌లో ఉంటారు. ఊళ్లో కుటుంబాల ఇళ్లల్లో ఉండి చదివినవాళ్లూ ఉన్నారు. అంతకు ముందు నుంచే అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం తన విద్యార్థులను ఏడాది పాటు ఇండియాకు పంపేది. వారణాసి, మదురైలతో పాటు విశాఖపట్నానికి కూడా పిల్లలు వచ్చారు. వెల్చేరు నారాయణరావు గారు చాలా ఏళ్లు తెలుగు పాఠాలు చెప్పింది ఆ విశ్వవిద్యాలయంలోనే. అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియన్ స్టడీస్ అనే సంస్థ హైదరాబాదులో తెలుగు నేర్పుతుంది. విద్యార్థులను స్థానిక కుటుంబాలతో ఉంచడం ఆ సంస్థ పద్ధతుల్లో ఒకటి.

ఆ పిల్లలు తెలుగింట్లోకి అడుగుపెట్టాక ఏం జరుగుతుందో ఊహించుకోండి. క్లాసులో "మీరు ఎక్కడికి వెళ్తున్నారు?" అని నేర్చుకుంటారు. ఇంట్లో "ఏడికి పోతున్నవ్ బిడ్డా?" అని వినిపిస్తుంది. బయటికి పోయేటప్పుడు "పోతా" అంటే ఇంటి పెద్దామె అక్కడే ఆపుతుంది: "పోత అనొద్దు, పొయ్యొస్త అను." ఆ ఒక్క సవరణలో వ్యాకరణం ఉంది, శకునం ఉంది, ప్రేమ ఉంది. ఏ పాఠ్యపుస్తకం ఈ మూడూ కలిపి చెప్పలేదు. అన్నం వడ్డించేటప్పుడు "చాలు" అంటే చాలదు, విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టాలి, అప్పుడు కూడా ఒక గరిటె పడుతుంది. "తిన్నరా?" అని అడిగితే అది ఆకలి గురించిన ప్రశ్న కాదు, పలకరింపు. "చాయ్ గీయ్ తాగుతవా?" అంటే గీయ్ అనేది ఏ వస్తువని నిఘంటువులో వెతకడం దండగ.

ఇంకొకటి పిలుపు. ఇంగ్లీషులో ఇంటివాళ్లను పేరు పెట్టి పిలిచి ఆరు నెలలు గడిపేయొచ్చు. తెలుగింట్లో ఆ దారి లేదు. ఇంటి ఇల్లాలిని అక్క అన్నారంటే ఆమె భర్త బావ అయిపోతాడు, పిల్లలకు మీరు పిన్నో మామయ్యో అవుతారు, ఆమె అత్తగారిని ఎట్లా పిలవాలో కూడా దానితోనే తేలిపోతుంది. ఒక్క మాట నోట్లోంచి వస్తే ఇంట్లో అందరితో వరస కలుస్తుంది. ఎవరికి 'మీరు', ఎవరికి 'నువ్వు' అనేది కూడా అంతే. ఫ్రెంచిలోనూ ఇట్లాంటి తేడా ఉందని మా అన్న బిడ్డే చెప్పింది, 'వూ' అని ఒకటి, 'త్యు' అని ఒకటి. నియమం క్లాసులో నేర్పుతారు. ఏ రోజు మొదటిది వదిలి రెండోదానికి మారొచ్చో ఇల్లే చెప్పాలి.

అన్నిటికన్నా నాకు ముఖ్యమైనది 'మేము', 'మనం' అన్న రెండు మాటలు. మీరు లేకుండా మాట్లాడితే మేము, మిమ్మల్ని కలుపుకుంటే మనం. ఇంగ్లీషులో రెండింటికీ ఒకటే మాట. ఫ్రెంచిలో కూడా ఒకటే. నేను కన్నడ మీడియంలో చదివినవాణ్ణి కాబట్టి ఇది నాకు బాగా తెలుసు: కన్నడంలోనూ 'నావు' అంటే చాలు, లోపల ఎవరు బయట ఎవరు అన్నది సందర్భం చూసుకోవాలి. మరాఠీలో మాత్రం ఆమ్హీ, ఆపణ్ అని తేడా ఉంది, పుణెలో పెరిగే మన పిల్లలకు అది తెలుసు. బీదర్లో కన్నడ బడికి పోయే మన పిల్లలు "మనం నిన్న బసవకల్యాణం పోయినం" అని, రానివాళ్లతో కూడా అనడం మీరు వినే ఉంటారు.

ఇప్పుడు హోమ్‌స్టే విద్యార్థి సంగతి చూడండి. మొదటి వారం ఆ ఇంటివాళ్లు "ఇది మా ఇల్లు, ఇది మా దేవుడి గది" అని చూపిస్తారు. కొన్ని వారాలు గడుస్తాయి. పాల ప్యాకెట్ తెచ్చే పని, బట్టలు ఆరేసే పని ఆ పిల్ల చేతికి వస్తుంది. ఒక రోజు ఎవరో చుట్టం వచ్చినప్పుడు ఇంటామె ఆ పిల్లతో "మన ఇంట్ల చక్కెర అయిపోయింది, జర తీసుకరా పో" అంటుంది. ఆ 'మా' ఎప్పుడు 'మన' అయిందో ఎవరూ గమనించరు. అది ఏ సర్టిఫికెట్ మీదా రాయరు. నా లెక్కలో ఆ సెమిస్టర్ పాసైంది ఆ రోజే.

నాది సాఫ్ట్‌వేర్ పరీక్షించే ఉద్యోగం. మా దగ్గర ఒక మామూలు అనుభవం ఉంది. ఆఫీసులో పరీక్ష కోసం సిద్ధం చేసిన మెషీన్ మీద అన్నీ సక్రమంగా నడుస్తాయి, జనం చేతికి పోయిన మర్నాడే ఎక్కడో పగులుతుంది. జనం మేం అనుకున్న వరసలో బటన్లు నొక్కరు కదా. భాషకు తరగతి గది అట్లాంటి మెషీన్. అక్కడ అందరూ నిదానంగా, ఒకరి తర్వాత ఒకరు మాట్లాడతారు. ఇంట్లో ముగ్గురు ఒకేసారి మాట్లాడతారు, కుక్కర్ కూత పెడుతుంది, టీవీ నడుస్తుంటుంది, అందులోంచి నీకు చెప్పిన మాట నువ్వు పట్టుకోవాలి.

సి.పి. బ్రౌన్‌ను కూడా ఒకసారి తలుచుకోవాలి. 1817లో మద్రాసులో దిగేనాటికి ఆయనకు ఇరవై ఏళ్లు కూడా లేవు, అంటే మన కాలేజీ పిల్లల వయసే. అక్కడి కాలేజీలో తెలుగు మొదలుపెట్టి, 1820లో కడపకు వచ్చి, తర్వాత మనకు నిఘంటువు ఇచ్చాడు. కానీ ఆయన తెలుగువాళ్ల ఇంట్లో ఉండి నేర్వలేదు. దొర కాబట్టి పండితులనే జీతాలిచ్చి తన బంగళాకు పిలిపించుకున్నాడు. ఆయన పని ఎంత గొప్పదో నేను చెప్పక్కర్లేదు. అయినా అధికారం ఉన్నవాడు భాషను తన ఇంటికి రప్పించుకుంటాడు, ఇయ్యాల వచ్చే విద్యార్థి భాష ఉన్న ఇంటికి తానే పోతాడు. ఈ రెండో పద్ధతిలో నేర్చుకునేవాడు కాస్త తగ్గి ఉండాలి. ఆ తగ్గడం కూడా చదువే.

ఇక అభ్యంతరాలు. అవ్వ అడిగిన తిండి ప్రశ్న చిన్నది కాదు. దానికి జవాబు మొహమాటం లేకుండా ముందే రాసి చెప్పడం. ఏ మాంసం తినదు, గుడ్డు తింటుందా లేదా, ఉపవాసం ఏ రోజు, ఇవన్నీ దరఖాస్తులోనే రాయాలి. "ఏదైనా ఫర్వాలేదు" అని రాసి, అక్కడికి పోయాక పళ్లెం ముందు కూర్చుని ఏడిస్తే ఇద్దరికీ కష్టం. పచ్చడి సీసా పెట్టెలో పెట్టండి, కానీ గదిలో దాచుకుని తినడానికి కాదు, బల్ల మీద పెట్టడానికి. నెలకొకసారి ఆ ఇంట్లో తాను వండాలి. పులిహోరకు పెద్ద సరంజామా అక్కర్లేదు.

భద్రత గురించి అన్న భయానికి కూడా జవాబు ధైర్యం చెప్పడం కాదు, ప్రశ్నలు అడగడం. ఆ ఇంటిని కుదిర్చింది కాలేజీయా, ఇంకెవరైనానా? వాళ్లు ఇల్లు చూసి వచ్చారా? ఇంట్లో ఎవరెవరుంటారు? గదికి లోపల గడియ ఉందా, ఇంటి తాళం చెవి చేతికి ఇస్తారా? కాలేజీకి ఎంత దూరం, రాత్రి చివరి బస్సు ఎన్నింటికి? అన్నిటికన్నా ముఖ్యం, కుదరకపోతే ఇల్లు మార్చే అవకాశం కాగితం మీద ఉందా? వీటికి సరైన జవాబులు రాకపోతే నేనే మొదట వద్దంటా. కొన్ని ఇళ్లల్లో హోమ్‌స్టే అంటే ఒక గది, ఫ్రిజ్‌లో పెట్టిన ఒక పళ్లెం, అంతే. ఎవరూ కలిసి కూర్చోరు. అట్లాంటి ఇల్లు తగిలితే రెండు వారాలు చూసి మారమనడమే మంచిది. వదిన అడిగిన జ్వరం సంగతికి వస్తే, మన దేశం దోస్తులు ఎట్లాగూ కాలేజీలో ఉంటారు. వాళ్లతో మధ్యాహ్నాలు గడపొచ్చు. రాత్రి భోజనం మాత్రం ఆ ఇంటి బల్ల దగ్గర చేయాలి.

ఇప్పుడు మొదట్లో దాటేసిన మాటకు వస్తున్నా.

మన బీదర్ ఇంటి పైగది నాలుగేళ్లుగా ఖాళీ. పాత ట్రంకులు, విరిగిన కుర్చీ, పెళ్లిళ్లకు తీసే పెద్ద గిన్నెలు తప్ప అందులో ఎవరూ లేరు. మన ఊళ్లో మెడికల్ కాలేజీ ఉంది, గురునానక్ దేవ్ ఇంజనీరింగ్ కాలేజీ ఉంది, నందినగర్‌లో వెటర్నరీ విశ్వవిద్యాలయం ఉంది. కలబురగి, రాయచూరు, యాదగిరి నుంచి, ఇంకా దూరం నుంచి పిల్లలు వచ్చి గదుల కోసం గల్లీ గల్లీ తిరుగుతుంటారు. మన గుమ్మం దాకా వచ్చినవాళ్లూ ఉన్నారు. వాళ్లకు మన ఇంట్లో ఎదురైన మొదటి ప్రశ్న ఏంటో మనకు తెలుసు. పేరు అడిగి, పేరులో తేలకపోతే "మీరేమిట్లు?" అని అడుగుతాం. ఆ తర్వాత "నీసు తింటరా?" ఆ రెండు జవాబుల్లో ఏది నచ్చకపోయినా "గది ఖాళీ లేదు" అంటాం. పైన ట్రంకులు మాత్రం ఉంటాయి.

ఇదే పని మన ఊళ్లో చాలా ఇళ్లు చేస్తాయి, హైదరాబాదు, బెంగళూరుల్లోనూ చేస్తాయి. అందరూ చేస్తారు కాబట్టి మనకు అది తప్పుగా కనిపించదు. అయితే ఫ్రాన్స్‌లో ఒక ఇల్లు మన బిడ్డ దరఖాస్తు చేతిలో పట్టుకుని చూస్తున్నప్పుడు, ఆ ఇంటివాళ్లు ఏం చూడాలని మనం కోరుకుంటున్నాం? రంగు చూడొద్దు, దేవుణ్ణి చూడొద్దు, తిండి చూసి మొహం తిప్పుకోవద్దు, మన పిల్లను పిల్లగా చూడాలి. అంతే కదా. వాళ్ల నుంచి ఇంత కోరుకునే ఇల్లు, యాదగిరి నుంచి వచ్చిన పిల్లను కులం అడగకుండా పైగదిలోకి రానివ్వలేదంటే ఆ కోరికకు విలువేముంది? వారాల కాలంలో తలుపు లోపలివాళ్లకే తెరిచాం. ఇప్పుడు మన పిల్లలు బయటివాళ్లై వేరే దేశం గుమ్మంలో నిలబడ్డారు. ఆ తలుపు తెరవాలని మనమే దండం పెట్టుకుంటున్నాం.

ఇంకో మాట మన పిల్లల గురించి. హోమ్‌స్టేలో ఉండే విదేశీ విద్యార్థితో ఇంటివాళ్లు ఇంగ్లీషులో మాట్లాడితే ఆ సెమిస్టర్ దండగ. ఆ సంగతి వెంటనే ఒప్పుకుంటాం. మరి మన ఇళ్లల్లో ఏం చేస్తున్నాం? బడి కన్నడమో ఇంగ్లీషో, బజారు దక్కనీ, ఫోన్ హిందీ. తెలుగు మిగిలింది వంటింట్లో. అక్కడ కూడా పిల్ల "అది ఇవ్వు" అని వేలు చూపిస్తే మనం ఇచ్చేస్తాం, దాన్ని గరిటె అంటారని చెప్పే తీరిక లేదు. చాట, జల్లెడ, ఇసుర్రాయి అంటే అర్థం కాక మొహం చూస్తారు. అతిథికి పని చెప్పం, అతిథి భాషలో మాట్లాడతాం, అతిథి పళ్లెం మనమే తీస్తాం. మన పిల్లలను మన ఇంట్లోనే అతిథులను చేసి, వాళ్లకు తెలుగు రాదని బాధపడుతున్నాం. ఆదివారం ఆన్‌లైన్ క్లాసు గంట సేపు నడిచి అక్షరాలు నేర్పుతుంది, మంచిదే. 'మనం' అనే మాట మాత్రం చక్కెర తెమ్మని పంపితేనే వస్తుంది.

అందుకని ఇంటి పెద్దల ముందు మూడు మాటలు పెడుతున్నా. ఒకటి, పైన రాసిన ప్రశ్నలకు జవాబులు తెప్పించుకుని, సరిగ్గా ఉంటే అన్న బిడ్డను హోమ్‌స్టేకే పంపుదాం. రెండు, ఎండాకాలం సెలవుల్లో పుణె, బెంగళూరు పిల్లలు నెల రోజులు జహీరాబాదులోనో నారాయణఖేడ్‌లోనో మన వాళ్ల ఇళ్లల్లో ఉండాలి. చుట్టాల్లాగా కాదు. పాలు తేవాలి, బియ్యం ఏరాలి, బస్సు బోర్డు చదివి ఎక్కాలి. ఎవరూ వాళ్లతో ఇంగ్లీషు మాట్లాడొద్దు. మూడు, పైగది ట్రంకులు కిందికి దించుదాం. ఈ జూన్ లోపల సున్నం వేయించి, చదువుకునే పిల్ల ఎవరొచ్చినా ఇద్దాం. అద్దె తీసుకుందాం, అందులో చిన్నతనం లేదు. వారానికి రెండు రోజులన్నా రాత్రి మనతో తినమందాం. అడగాల్సింది ఏం చదువుతున్నావ్, ఎప్పుడు లేస్తావ్, ఏం పడదు, ఇంతే. ఇంకేమీ అడగొద్దు.

అవ్వకు ఈ మూడోది మింగుడు పడదని తెలుసు. ఆమె కాలం వేరు, ఆమె వంటిల్లు ఆమెది. వంటింటి పద్ధతులు ఆమె చెప్పినట్టే ఉండనీ, వచ్చే పిల్ల వాటిని నేర్చుకుంటుంది, హోమ్‌స్టే అంటే అదే. కానీ గుమ్మం దగ్గరి ప్రశ్న మారాలి. ఈ ఉగాదికి అందరం కలుస్తాం కాబట్టి అప్పుడు కూర్చుని తేల్చుకుందాం. వచ్చేముందు మీ మీ ఇళ్లల్లో కూడా ఖాళీగా ఉన్న గదులు ఎన్నో ఒకసారి లెక్కపెట్టి రండి.